యాభై దాటినవాళ్ళకే పాట

ఫహాహీల్‌లో ఒక జపాను కంపెనీ క్యాంపు; అరబ్బు దేశం. అక్టోబరు నెల, శుక్రవారం మధ్యాహ్నం. మెస్సు వంటగదిలో వంట చేసే దొరబాబు, తోటపని చేసే గంగులయ్య.

"యాభై దాటిందని ఒక్క మాట ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది గంగులయ్యా?"

"ఇఖామా పోతాది నాయనా, ఈడ ఉండేదానికి ఇచ్చిన పర్మిటు."

"అబ్బెబ్బే, ఇఖామా సంగతి ఎవడడిగేడయ్యా ఇప్పుడు? ఇది పాట. పాట వేరు, ఇఖామా వేరు."

"రెండూ ఒక ముదీరు చేతిలోనే గదా ఉండేది, ఆ మేనేజరు చేతిలో? ఆ చేత్తోనే తాళం ఏస్తాడు, ఆ చేత్తోనే సంతకం పెడతాడు. పోయిన నెల ఆఫీసు కాడ నోటీసు అంటించినారే, యాభై దాటినోళ్ళకు ఇంగ ఇఖామా కొట్టించేది లేదని. చదివి చెప్పింది నువ్వే."

"చెప్పేను. చెప్పలేదన్నానా? కంపెనీకి పని తగ్గింది, ముసలోళ్ళని పంపించేత్తారు. అది పొద్దుటి రూలు. ఇది సాయంత్రం రూలు. సాయంత్రం ఆయనకి యాభై దాటినోళ్ళే కావాలి."

"పొద్దున పనికిరానోడు సాయంత్రానికి యెట్ల పనికొస్తాడప్పా?"

"అదే చెప్తున్నాను, వినవేం? పోయినేడు దాకా ఎనిమిది మంది జపానోళ్ళు, అంతా పెద్దోళ్ళు, పెళ్ళాలతో సహా, శుక్రవారం శుక్రవారం ఈ హాల్లో కూచుని పాడుకునేవోరు. ఆళ్ళ దేశంలో ఆకులు రాలే కాలం ఒకటుంటది కదా, దాని మీద పాటలు. పని అయిపోయి ఒక్కొక్కళ్ళే విమానం ఎక్కేసేరు. ఇప్పుడు మిగిలింది మన కిటాజిమా ముదీరూ ఆయన పెళ్ళామూను. ఇద్దరే పాడితే అది పాటలా ఉండదయ్యా, మొగుడూ పెళ్ళాల దెబ్బలాటలా ఉంటది."

"అయితే కుర్రోళ్ళను పిల్చుకోమను. వెల్డింగు షెడ్డు నిండా ఉండారు."

"అదీ అయ్యింది. పోయిన శుక్రవారం నలుగురెళ్ళేరు. సగం పాటలో ఒకడు చప్పట్లు కొట్టేడు, ఇంకోడు ఈలేసేడు. ఆయన టేపు ఆపేసి ఖలాస్ అన్నాడు. ఈ పాటలు పాడాలంటే మోకాళ్ళ నొప్పులుండాలంట."

"అట్లని ఆయప్పే అన్నాడా?"

"నోటితో అన్లేదు. మోకాలు పట్టుకుని చూపించేడు. నేను అర్థం చేసుకున్నాను."

"నీకు జపాను బాస గూడా వచ్చునా?"

"ఏడేళ్ళు ఆళ్ళకి వండేనయ్యా. రుచి చూసి చూసి నాలిక్కి అదే పట్టేసింది."

"అట్లయితే నువ్వే పో. నాలిక నీది, మెస్సు నీది. నీకంటే దొరుకుతారా?"

"నేనా? నేనెలా ఎల్తాను? నాకు ముప్పై తొమ్మిదే కదా."

"ఎంత?"

"ముప్పై తొమ్మిది. ఆఫీసులో నా పాస్‌పోర్టు తీసి చూసుకో."

"పాస్‌పోర్టు సంగతి కాదులే. రిగ్గైలో డ్రైవరు పని చేస్తాండాడే నీ కొడుకు సోమేశ్వరరావు, వానికెంత?"

"ఆడికా? ఆడికి... ఇరవై ఎనిమిది."

"అంటే నువ్వు పదకొండేండ్లకే కంటివా?"

"మా కోనసీమలో అన్నీ తొందరగానే కాస్తాయిలే."

"ఆ మీసానికి నల్లరంగు?"

"అది అందానికి. ఏం, ముప్పై తొమ్మిదేళ్ళోడికి అందం ఉండకూడదా? నా సంగతొదిలేయ్. నీ సంగతి చెప్పు. పాస్‌పోర్టులో తగ్గించి రాయించుకున్నావు, ఇప్పుడు నలభై నాలుగంటున్నావు. నిజం ఎంత?"

"నిజమా... పెద్ద కరువొచ్చిన యేడు పుట్టినానని అంటాండె మాయమ్మ."

"ఏ కరువు? మీ సీమలో ఏటేటా కరువే కదా."

"అందుకే నలభై నాలుగన్నా ఎవురూ కాదన్లేదు."

"చూడు గంగులయ్యా, నేను ఊరికే నిన్ను పట్టుకుని ఏలాడ్డం లేదు. ముదీరే నీ పేరు చెప్పేడు. నీ గొంతు విన్నాడు."

"నా గొంతా? యాడ?"

"ఈ హాలు కిటికీ కిందే. గన్నేరు మొక్కలకి నీళ్ళు పెడతా ఆళ్ళ పాట కూనిరాగం తీత్తున్నావంట. కిటికీ తీసి చూసేడు. చూసి నన్ను పిలిచి, ఆ తోటపనాయన యాభై దాటకుండా ఆ పాట అలా పాడలేడు, ఆయన్ని తీసుకురా అన్నాడు."

"అయిపాయె. పట్టేసినాడు."

"పట్టెయ్యడం కాదయ్యా బాబూ, మెచ్చుకోడం!"

"ఈడ రెండూ ఒకటే నాయనా. ఆయప్ప మెచ్చుకుంటే ఏమైతాదో నాకు తెల్సు. పోయినేడు తోట బాగుందని మెచ్చుకున్యాడు. ఆ వెనకాలే, ఆకులు రాలే కాలమొచ్చింది, రాలిన ఆకులు ఊడ్చద్దన్నాడు. ఈడ రాలితే గదా ఊడ్చేది? గన్నేరు రాలదు. తుమ్మచెట్టుకు ఉండేదే ముల్లు. ఇంగేం చేస్తా? గోనెసంచి తీసుకోని రోడ్డు పక్కన పడిందంతా ఏరుకోనొచ్చి హాలు ముందర చల్లుతాండా. తెల్లారి మనకు వీసా ఇచ్చిన కఫీల్ మనిషి వచ్చి ఇదేం చెత్త అంటే ఊడుస్తా. మళ్ళా శుక్రవారం చల్లుతా. తోటపనోడు మొక్కలు పెంచల్ల గాని, నేను చెత్త పెంచుతాండా."

"నా బాధ నీకేం తెలుసు? బయట నలభై డిగ్రీలుంటది. లోపల ఏసీ ఆఖరు దాకా తిప్పాలి నేను. గది మంచుగడ్డ అయ్యేక ఆళ్ళు స్వెట్టర్లు తొడుక్కోవాలి. అప్పుడు గాని పాట రాదు. నాకు స్వెట్టరు ఎవడిచ్చేడు? పళ్ళు టకటకా కొట్టుకుంటా టీలు అందించేను. ఆళ్ళేవో నేను పాటకి తాళం ఏత్తన్నాననుకుని తలూపేరు."

"అయినా దొరబాబూ, ఒక మాట అడుగుతా. నువ్వు లోపలుంటావు గదా. నేను ఎక్కువ పాడేది ఆ నిదానం పాట. మధ్యలో గొంతు దిగి దిగి ఆగిపోతాదే, అది. దాంట్లో ఏముండాది?"

"ఏముంది, ఒక చెట్టు. చెట్టు నిండా పళ్ళంట. అన్నీ కోసేత్తారు. పైన చిటారు కొమ్మన ఒక్క పండు మాత్రం ఉంచేత్తారు."

"ఎందుకు?"

"కాకికి. చలికాలం ఒత్తంది కదా, కాకి ఏం తింటది పాపం అని."

"అంతేనా?"

"అంతే. ఆ ఒక్క పండు చూసుకుని ఎనిమిది మందీ ఏడుత్తారు. నేనైతే ఆ పండు కూడా కోసి ఊరగాయ పెట్టేసేవోణ్ణి."

"ఓయప్పా. అదా సంగతి. మా కాడ గూడా అంతే గదా."

"మీ కాడ చెట్లెక్కడియ్యి?"

"చెట్టు కాదు. శెనిక్కాయ. ఈ నెలలోనే పెరికేది. పెరికినాక చేన్లో కొన్ని వదిలేస్తారు. అడుగూబొడుగూ మొత్తం ఏరుకోకూడదు, పరిగె ఏరుకునేటోళ్ళకు ఉంచల్ల. మాయమ్మ నన్నెంటబెట్టుకోని వేరేవాళ్ళ చేన్లలో పరిగె ఏరుతాండె. మాకు ఉంచినోళ్ళు వాళ్ళు. ఆ కాకిని నేనే అనుకో."

"మా గోదారోళ్ళకి ఈ నెలొచ్చిందంటే తుఫానే. మేం ఉంచేదేం లేదు, అదే ఊడ్చుకుపోద్ది. మాకు పాటలేటి, రేడియో దగ్గర చెవులొగ్గుకు కూచోడమే."

"బాస తెలీకపోయినా నాకు అట్లే అనిపిస్తాండె చూడు. ఏదో మిగిలించి పోతాండారు అని."

"అదిగో! అదే ముదీరు పట్టింది. ఎళ్ళవయ్యా మరి. ఎళ్ళి కూచో."

"పోవాలనే ఉండాదప్పా."

"ఉందా?"

"చానా ఉండాది. ఎవురికీ చెప్పద్దు. పన్నెండేండ్లు నేను ఈడ పడుచోన్ని. ఎవురన్నా చూస్తాండారంటే రెండు బక్కెట్లు ఒకే తూరి ఎత్తుతా. కడుపులో నొప్పంటా గాని నడుము నొప్పని ఒక్కనాడు అన్లేదు. వంగి లేసేటప్పుడు అబ్బా అని రాబోతాది, దాన్ని మింగి యల్లా, పదండి అంటా. బస్సులో ఎవురన్నా సీటిస్తే భయమేస్తాది, వీనికెట్ల తెల్సిందని. ఆ కిటికీ కింద నిలబడి చూస్తాంటి. లోపల ఆ ముసలోళ్ళు పాడతా పాడతా ఊపిరాడక ఆగుతారు. దగ్గుతారు. మాట మర్సిపోతారు. ఒకరి మొగం ఒకరు జూసి నగుతారు. ఒక్కరన్నా సిగ్గుపడరు. చూస్తాంటే నాకు ఏడుపొచ్చింది. ముసలోడు అయ్యేదానికి గూడా రాసిపెట్టి ఉండల్ల దొరబాబూ. ఒక్క గంట, ఒకే ఒక్క గంట, నాకు యాభై ఎనిమిది అని చెప్పి నడుము పట్టుకోని కూచోవాలని ఉండాది."

"యాభై ఎనిమిదా?"

"అనేస్తినా నేను?"

"నేను యాభై ఆరనుకున్నాను. పర్లేదు, పర్లేదు, బాగా దాటేవు. ఆయన సంతోషిత్తాడు. ఎళ్ళు మరి, తువ్వాలుతో మొహం తుడుచుకుని—"

"పోతే నాకు ఇఖామా ఉండదు. నా చిన్నబిడ్డ ఇంగా ఇస్కూల్లో ఉండాది. నేనిప్పుడు ఇంటికి పోతే ఏం చేతును? పాట పాడతా కూచుంటే కడుపు నిండుతాదా?"

"అబ్బా, మళ్ళీ మొదటికొచ్చేవు."

"నువ్వు చెప్పు. నీకెందుకు ఇంత ఆత్రం? నేను పాడితే నీకేం వస్తాది?"

"నాకా? నాకేం ఒత్తది? స్నేహం."

"దొరబాబూ."

"ఆయ్."

"నిజం చెప్పు."

"ఏంటి నిజం? ముగ్గురు నలుగురన్నా దొరక్కపోతే హాలు మూసేయమన్నాడు. శుక్రవారం పాటలుంటేనే హాలు. హాలుంటేనే వంటిల్లు. వంటిల్లు ఉంటేనే..."

"నువ్వు."

"అలా ముక్కుసూటిగా అనేత్తే ఎలాగయ్యా."

"అంటే నీ ముప్పై తొమ్మిది నిలబడేదానికి నేను యాభై ఎనిమిది కావల్లనా?"

"మరి ఎవరో ఒకరు అవ్వాలి కదా!"

"దొరబాబన్నా! గంగులన్న ఈడుండాడా?"

"ఇక్కడే ఉన్నాడు, రా సిద్ధమ్మా. ముదీరు ఇంట్లో పనొదిలేసి ఇలా పరిగెత్తుకొచ్చేవేంటి? ఆ ఆయాసమేంటి?"

"మామా పంపిచ్చింది, మా ఇంటి దొరసాని. బిర్నా రావల్లంట. మీరిద్దరూ."

"ఇద్దరమా? పాటకి గంగులయ్య ఒక్కడే కదా. నన్నెందుకు?"

"ఏమో అన్నా. ఇద్దర్నీ అన్యారు."

"నసక్కు. ఏం జరిగింది?"

"నామింద కోపం చేసుకోవద్దు. పొద్దున్నుంచి మామా ఏడుస్తా కూచ్చోనుండాది. తల దువ్వుతాంటే, అద్దంలో నన్ను జూసి, నీకెంత వయసు సిద్ధమ్మా అనడిగింది. అరబ్బీలో సగం, సైగల్తో సగం. ఆ కండ్లనీళ్ళు జూసి నాకు అబద్ధం రాలా. అరవై అని చెప్పేసినా. ఆయమ్మ నా చెయ్యి పట్టుకోని, నాకూ అరవయ్యే అనింది. ఇద్దరం పడీ పడీ నగినాం. ఆ నగులో నోరు జారింది."

"ఏవని జారింది?"

"నేనొక్కదాన్నే కాదు మామా, ఈ క్యాంపులో మావోళ్ళంతా ఇంతే అని."

"అంతా అంటే? పేర్లు చెప్పేవా?"

"గంగులన్నకు యాభై ఎనిమిది అని..."

"చెప్తివా సిద్ధమ్మా? మన ఊరిపక్క ఆడబిడ్డవి, నువ్వే చెప్తివా?"

"...దొరబాబన్నకు యాభై ఏడు అని."

"ఓరి నాయనోయ్! నా యాభై ఏడు నీకెవరు చెప్పేరు?"

"మీ సోమేశ్వరరావే. మా నాయన ఏడాదికి రెండేండ్లు తగ్గుతాండాడు, ఇట్లే పోతే నాకు తమ్ముడైతాడు అని నగినాడు."

"ఆణ్ణి కన్న కడుపు... కన్నది నేను కాదులే. అయితే మీ మామా ఊరుకుందా?"

"యాడ ఊరుకుంటాది? పోయి బాబాకు చెప్పేసింది."

"ముదీరుకా!"

"ఆ. బాబా అంతా విన్యాడు. కుర్చీలో కూచ్చోని కండ్లు మూసుకున్యాడు. తర్వాత మిమ్మల్ని పిల్చకరమ్మన్యాడు. తలుపేసి మాట్లాడల్లంట."

"అయిపోయింది. మా కొంప ముంచేవు సిద్ధమ్మా. ఖలాస్. టిక్కెట్టు చేతిలో పెడతాడు. గంగులయ్యా, అలా నిలబడిపోయేవేంటి? ముందు నువ్వెళ్ళు. ఎళ్ళి చెప్పు, దొరబాబుకి నిజంగానే ముప్పై తొమ్మిది, నాకు ఆడి చిన్నతనం తెలుసు అని. నీ మాట ఆయన నమ్ముతాడు. నీ గొంతంటే ఆయనకిష్టం."

"పాట వేరు, ఇఖామా వేరంటివి గదా."

"అన్నాను. తప్పయిపోయింది. రెండూ ఒకటే."

"ఇంతసేపూ నన్ను యాభై దాటమని ఒకటే పోరు పెడితివి. ఇప్పుడు నువ్వెందుకు దాటవు?"

"నువ్వు దాటినా తోటలో బతుకుతావయ్యా. వంటోడు ముసలోడని తెలిత్తే ఎవడు తింటాడు? చెయ్యి వణికి ఉప్పు ఎక్కువేసేడంటారు."

"ఇప్పుడు గూడా ఎక్కువే ఏస్తాండావులే. పద."

"ఎక్కడికి?"

"హాలుకు. ఎట్లా పంపిచ్చేటట్లుంటే దాక్కోని ఏం చేస్తాం? తెల్సిపాయె గదా. పన్నెండేండ్ల బరువు దిగింది నాకు. చిన్నబిడ్డకు ఏదో ఒగ దావ చూపించుకుంటా, చెట్లకు నీళ్ళు పట్టేటోడికి యాడన్నా పనుంటాది. పోయేముందు ఒక్క తూరి పాడి పోతా. సిద్ధమ్మా, టేపు పెట్టినారా? ఆ నిదానం పాటైతే నాకు మొత్తం వచ్చు."

"పాట లేదన్నా ఈ పొద్దు. పైనుంచి సూట్‌కేసులు దించినారు."

"ఎవరి సూట్‌కేసులు?"

"వాళ్ళవే. రాత్రి జపాను నుంచి టెలెక్సు వచ్చిందంట. బాబాను ఖలాస్ చేసినారు."

"ముదీరునా! ముదీరుని ఖలాసా? ఏం, ఏం చేసేడు?"

"ఏం చేయలా. వయసు దాటిందంట. నెలాఖరుకు వచ్చేయమన్యారు."

"ఆహాహా! ఇదయ్యా దేవుడున్నాడనడం! నోటీసు మీద సంతకం పెట్టినోడికే నోటీసు. గంగులయ్యా, విన్నావా? ఆ చేత్తో సంతకం పెట్టేడు కదా, ఆ చేతికే తగిలింది."

"అట్లనద్దు దొరబాబూ. ముసలాయప్ప."

"ముసలాయన అని నేనన్లేదు, టెలెక్సు అంది. అయినా ఆయనకి మంచిదేగా? ఏడేళ్ళ నుంచీ చూత్తన్నాను, శుక్రవారమొత్తే చాలు, ఆ ఆకులూ, ఆ చెట్టూ, ఆ ఒక్క పండూ అని ఒకటే ఏడుపు. ఇప్పుడు ఎళ్ళి ఆ చెట్టు కిందే కుర్చీ ఏసుకోమను. స్వెట్టరు కూడా ఉంది."

"అది నిజమే. ఊరికి పోతాండాడంటే సంతోషమే గదా సిద్ధమ్మా. మామా ఎందుకు ఏడుస్తాండాది?"

"పోము అని ఏడుస్తాండాది."

"ఆ?"

"బాబా గూడా అంతే. పోనంటాండాడు. ఆడ ఇల్లు చిన్నదంట. చలికి కాళ్ళు పట్టేస్తాయంట. ఆ చలి పాటలో బాగుంటాది గాని ఒంటికి బాగుండదు సిద్ధమ్మా అనింది మామా. ఆకులు రాలినాయంటే పొద్దున్నే లేసి వాళ్ళే ఊడ్చుకోవల్లంట, ఆడ గంగులయ్య ఉండడు గదా అనింది. వండేదానికి దొరబాబు ఉండడు, దువ్వేదానికి నువ్వుండవు, ఎవురూ మాకు సలాం చెప్పరు అని నా భుజం మింద పడి ఒకటే ఏడుపు. ఇంగొక్క రెండేండ్లు ఈడే ఉంటాం, మీరేం చెప్పినా చేస్తాం అని బాబా వాళ్ళోళ్ళకు టెలిఫోన్‌లో బంగపోతాంటే నేనే విన్నా."

"మరి మమ్మల్నెందుకు పిల్చినారు? ఆయప్పకే ఇంగ పవరు లేదు. మాకేం ఖలాస్ చెప్తాడు?"

"ఖలాస్ చెప్పేదానికి కాదన్నా."

"పాటక్కూడా కాదన్నావు. మరెందుకే తల్లీ, తలుపేసుకుని?"

"మీ పాస్‌పోర్టుల్లో వయసు తగ్గించినాడే, ఆ మనిషి యాడుంటాడో అడగాలంట. జపాను పాస్‌పోర్టుకు గూడా ఆ పని చేస్తాడా అని."